అరుదైన సంగీతం ఎవరికి అరుదు?

మరుగున పడిన పాత సంగీతాన్ని వెదికి తీసి నలుగురికి వినిపించడం మంచి పని. బొబ్బిలి జమీందారీ వంశంలో పుట్టిన వి.ఎ.కె. రంగారావు మదరాసులో వేలాది గ్రామఫోను రికార్డులను సేకరించి, వాటిని గురించి ఏళ్ల తరబడి రాసినారు. అటువంటి శ్రమ లేకపోతే ఎన్నో నాటక పద్యాలు, జావళులు మనకు దక్కేవి కావు.

కాని విమర్శకుడు ఈ మెప్పుతో ఆగరాదు. రికార్డుకు ఎక్కింది ఏమిటి, ఎక్కనిది ఏమిటి అని అడగవలసి ఉంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని పట్టుకున్నది వ్యాపారం కోసం. యంత్రం ఎవరు కొనగలరో వారి అభిరుచినే కంపెనీ లెక్కలోకి తీసుకున్నది. పైగా 78 చుట్ల రికార్డుకు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. రాత్రంతా సాగే కథాగానానికి అందులో చోటెక్కడిది?

పరిగికి దక్షిణాన ఉన్న పాలమూరు సీమనే చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగల సాయన్న వీరగాథను పాడే దర్శనం మొగిలయ్య 2021లో ఒక సినిమా పాటతో పట్నానికి తెలిసినారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు అదే గౌరవం 2024లో దక్కింది. అప్పటికి ఆ వాద్యాలు వాయించేవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే మిగిలినారు. పత్రికలు దీనిని ‘కనుగొనడం’ అన్నాయి. వాడల్లో తరతరాలుగా మోగిన వాద్యాన్ని కొత్తగా కనుగొనడమేమిటి? అది అరుదైనది పట్నం చెవికే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. కిన్నెర వాయించే డక్కలివారు మాదిగవాడలను ఆశ్రయించి, కథలు చెప్పి, వారిచ్చిన గింజలతో బతికినారు. పేదవాడి మీద మరింత పేదవాడు ఆధారపడిన కులవ్యవస్థ అది. ఆ యాచన నిలవాలని అభ్యుదయవాది కోరడు. కాని ఆ బతుకు మారుతూ ఉంటే దానితో పాటు పాట కూడా పోతున్నది. యాచన పోవాలి, పాట మిగలాలి. ఇది సేకరణ ఒక్కదానితో తీరే సమస్య కాదు. కళాకారుడికి గురువు స్థానం, జీతం, శిష్యులు ఉండాలి. పతకం ఆ పని చేయదు.

సేకరణకూ పద్ధతి కావాలి. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ జానపదుల మాటకు విశ్వవిద్యాలయంలో గౌరవం తెచ్చింది. అయితే కాగితం మాటను నిలిపినంతగా బాణీని నిలపలేదు. హంగరీలో బేలా బార్తోక్ 1906 నుంచి మైనపు గొట్టాల యంత్రం మోసుకొని పల్లెలు తిరిగినాడు. స్లోవాకు, రుమేనియా రైతుల పాటలను సైతం అంతే శ్రద్ధతో పట్టినాడు. రైతు పాటకు తనదైన శాస్త్రం ఉన్నదని నిరూపించినాడు. వింతవస్తువును చూసే చూపుకూ విద్యార్థి చూపుకూ ఉన్న తేడా ఇదే.

నేడు పరిగి, తాండూరు, వికారాబాదు కళాశాలల విద్యార్థి చేతిలోని ఫోను బార్తోక్ యంత్రం కంటె ఎన్నో రెట్లు శక్తిగలది. మూడు నిమిషాల సంకెల లేదు. కథను మొదటినుంచి చివరిదాకా పట్టవచ్చు. అయితే పాడినవారి అనుమతి తీసుకోవాలి. పేరు, ఊరు, తేదీ, సందర్భం రాయాలి. ఒక ప్రతి వారి ఇంటికి చేరాలి. దాని మీద రూపాయి వస్తే అది మొదట వారిది. ఈ నియమాలు లేని సేకరణ పాటను కాపాడవచ్చునేమో గాని, పాడినవాడిని మరొకసారి దోచినట్లే అవుతుంది.