జీస్ బెండ్ బొంతలు
అలబామాలో నది మూడు వైపులా చుట్టిన జీస్ బెండ్ పల్లెలో నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడకెక్కించింది. చలికి కప్పుకునే పాతగుడ్డలకు అంత గౌరవమా అనేవాళ్లుంటారు. కుట్టించింది అవసరమే. కానీ వెలిసిన పని ప్యాంటుకు జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలాన్ని ఎక్కడ అతకాలో తేల్చేది కుట్టే మనిషి కన్నే. అలాగని అంతా ఒక్కరి సొత్తూ కాదు: పైముక్కల అమరిక ఒకరిదైనా, దూది పరిచి పొరలు కలిపి కుట్టేటప్పుడు నలుగురూ చేరి చర్చి పాటలు పాడుకునేవారు.

ఆ చర్చి ప్రార్థనతో ఆగలేదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడి ప్లెజెంట్ గ్రోవ్ బాప్టిస్ట్ చర్చికి వచ్చి మాట్లాడారు. మరుసటి ఏడే ఆ ప్రాంతంలో బొంతలు కుట్టి అమ్మే ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ సహకార సంఘం పుట్టింది. దుకాణాల ఆర్డర్లు చేతిపనిని ఒకే మూసలో పోశాయన్న విమర్శ న్యాయమే, కూలి డబ్బు విలువ మరిచిపోనంతవరకు. పైగా సియర్స్ దుకాణాల ఆర్డరులో మిగిలిన కార్డురాయ్ గుడ్డ ముక్కలు ఇళ్లకు చేరి, మళ్లీ ఎవరికి తోచిన బొంతలు వారివయ్యాయి.