రసీదు రాసే మనిషి జీతం

స్వచ్ఛంద సంస్థల నిధుల సేకరణను నిజామాబాద్ ప్రాంతంలో అర్థం చేసుకోవాలంటే ముందుగా చందాను, విరాళాన్ని విడదీసి చూడాలి. ఉర్దూ మీదుగా తెలంగాణ వాడుకలో స్థిరపడిన చందా అన్న మాట పదిమంది తలా కొంత వేసుకునే సొమ్మును సూచిస్తుంది. విరాళం ఒక దాత తన ఇష్టంతో, చాలావరకు తన పేరు నిలిచేటట్టు ఇచ్చేది. జనం నోట వినిపించే "చందా రాసిండు", "చందా ఇచ్చిండు" అన్న రెండు మాటల మధ్య ఒక్కోసారి నెలల దూరం ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే సంస్థలో ఆ దూరాన్ని ఇల్లిల్లూ తిరిగి దాటవలసింది ఆ ఇద్దరు ముగ్గురే. చందా పుస్తకంలో పై వరుసన ఎంత అంకె పడిందన్నదే కింది వరుసలను చాలావరకు నిర్ణయిస్తుంది: అక్కడ 1,116 పడితే దాన్ని దాటి రాసేవారు అరుదు, 5,116 పడితే 500తో సరిపెడదామనుకున్నవారు కూడా కాసేపు కలం పట్టుకుని ఆలోచిస్తారు. అందువల్ల మొదటి పేరు ఎవరిదన్నది, పుస్తకం అచ్చు వేయించకముందే తేల్చుకోవలసిన విషయం.

జీతగాళ్లెవరూ లేకుండానే పెద్ద మొత్తాలు పోగుచేసే పద్ధతి ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. వీడీసీ అని అందరూ పిలిచే గ్రామాభివృద్ధి కమిటీ కులానికింతమంది చొప్పున పెద్దలతో ఏర్పడి, చట్టబద్ధమైన అధికారమేదీ లేకున్నా, పలు గ్రామాల్లో బెల్టు షాపులు, కోడిమాంసం దుకాణాలు వంటివాటి మీద హక్కును వేలంపాట పెట్టి, ఆ సొమ్ముతో గుడులు, బడి గదులు, రోడ్లు కట్టించింది. అయితే కట్టుబాటు మీరినవారికి జరిమానా, కట్టనివారికి సాంఘిక బహిష్కరణ అనే బెదిరింపు ఆ వసూళ్ల వెనుక నిలిచి ఉందని పోలీసు కేసులు, పత్రికల వార్తలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. కాదంటే కిరాణా కొట్టులో ఉప్పు కూడా పుట్టదన్న భయంతో ఇచ్చేదాన్ని చందా అనడం ఆ మాటకే అన్యాయం. స్వచ్ఛంద సంస్థకు ఆ భయపెట్టే శక్తి లేదు, ఉండకూడదు. దాని చేతిలో ఉన్నదల్లా పని చూపించడం, లెక్క చెప్పడం.

ఆ దారిలో నడిచిన సంస్థకు ఉదాహరణ పట్టణానికి దగ్గరలోనే, డిచ్‌పల్లిలో ఉంది. 1907లో భర్తతో పాటు భారతదేశానికి వచ్చిన స్కాట్లాండ్ మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం చిన్న కేంద్రం తెరిచారు. శాశ్వత భవనాలకు రాజా నర్సాగౌడ్ అనే స్థానిక సంపన్నుడు భారీ విరాళం ఇవ్వడంతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలిసింది. క్రైస్తవ మిషన్ పనికి హిందూ దాత ముందుకు రావడం తరచుగా మతసామరస్యానికి నిదర్శనంగా చెప్పుకునే విషయమే అయినా, నిధుల సేకరణ దృష్టితో గమనించవలసింది వేరొకటి: కొంతకాలం పని కళ్లెదుట జరిగిన తరువాతనే పెద్ద సొమ్ము వచ్చింది. పైగా కట్టడాలకు ఒకరి దానం సరిపోతుంది కాని, అడవి బాదం గింజల నూనెతో ఇంజెక్షన్లు, కట్లు, తిండి, పనివారి జీతాలు ఏటేటా సాగవలసినవి. ఆ ఖర్చుకు ఒక్క దాత ఏనాడూ చాలడు.

ఈ సంగతి ఏ బడిలోనైనా తలెత్తి చూస్తే తెలుస్తుంది. పంకా రెక్కల మీద ఎర్రరంగుతో దాత పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. బీరువా తలుపు మీద, సిమెంటు బెంచీ వీపు మీద కూడా అంతే. ఆ పంకా తిరగడానికి అయ్యే కరెంటు బిల్లు మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. నిర్వహణ వ్యయం అని లెక్కల్లో రాసే ఈ పద్దు, అంటే జీతాలు, అద్దె, ఆడిట్ రుసుము, రాకపోకల ఖర్చు, ఏదో తప్పు చేసినట్టుగా నివేదికల చివరి పేజీలో దాక్కోవడం చిన్న సంస్థలు తమకు తామే చేసుకుంటున్న కీడు.

ఎప్పుడు అడగాలన్నది మరొక విద్య. వెనుకటి రోజుల్లో కల్లంలో ధాన్యం రాశి పోసినప్పుడే చేతిపనులవారికి, యాచకులకు కొలిచి ఇచ్చేవారు. ఆ వాటాకే మేర అని పేరు. వరికోత యంత్రం వచ్చి, ధాన్యం డబ్బు కొనుగోలు కేంద్రం నుంచి నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్న తరువాత కల్లం మాయమైంది కాని, చేతిలో డబ్బు ఆడే కాలం మాయం కాలేదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు రాశులు పడే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు ఒక అదను; వానలు పడి విత్తనాలకు, ఎరువులకు రైతు అప్పు చేసే జూన్‌లో పుస్తకం పట్టుకుని వెళ్లడం అమాయకత్వం. బోధన్ వైపు ఈ లెక్క చెరకుతో ముడిపడి ఉండేది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, శక్కర్‌నగర్ కార్మికుడి నెల జీతంతో పాటు నెలనెలా చిన్న మొత్తం ఇవ్వగల కుటుంబాల వరుస కూడా తెగిపోయింది. ఇలాంటి పట్టణంలో సంస్థ పది పెద్ద ఇళ్ల మీద ఆధారపడటం కన్నా, నెలకు వంద రూపాయలిచ్చే రెండువందల ఇళ్లను కూడగట్టుకోవడం మేలు. పది ఇళ్లలో ఒకటి చేయి విడిస్తే పదోవంతు పోతుంది, రెండువందలలో ఒకటి పోతే కుదుపు తెలియదు.

నగరాల శిక్షణ శిబిరాల్లో తరచుగా చెప్పే పన్ను మినహాయింపు ఎర ఇక్కడ అంతగా పనిచేయదు. 80జీ అని జనం ఎరిగిన ఆ సౌకర్యం పంట ఆదాయం మీద ఆదాయపు పన్నే లేని రైతుకు అక్కరకు రాదు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే సాధారణ విధానమైనందున, అందులో ఉన్న ఉద్యోగికీ వర్తించదు. దానికి బదులు ఈ జిల్లా తెలుసుకోవలసిన చట్టం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ. దాని ప్రకారం, గల్ఫ్‌లో పనిచేసే భారత పౌరుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపేది మాత్రం వస్తుంది, దానికి ప్రత్యేక అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. ఇంటింటికీ ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఊళ్లలో ఈ తేడా తెలియక, అందే చేతిని వదిలి అందని చేతి వైపు చూసే సంస్థలు ఉండటం విచారకరం.

ఈ పసుపు సీజన్‌లో ఏదో ఒక సంస్థ చందా పుస్తకం పాఠకుల గుమ్మం ముందుకూ వస్తుంది. రాసే ముందు, ఆ రసీదు రాస్తున్న మనిషికి నెల జీతం ఎక్కడి నుంచి వస్తున్నదో అడగవచ్చు. సరైన జవాబు లేకపోతే, ఇచ్చే సొమ్మును పంకాకు కాక జీతాల పద్దుకే జమ చేయమని ఆ రసీదు మీదే రాయించవచ్చు.