మామయ్య గేరు

పోయిన ఆదివారం తిరుమల నుంచి దిగుతుంటే మా బండి అరిచింది. మలుపు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టానో లేదో, ఇంజన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఏమండీ, గేర్‌బాక్స్ పోయింది" అని మా ఆవిడ తేల్చేసింది. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్నది అక్కడి నిబంధన. ఆ 40 నిమిషాలూ రిపేరు బిల్లు లెక్క వేసుకుంటూనే దిగాను.

బండి 2010 నాటి హోండా సిటీ, ఆటోమేటిక్. ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మోకాళ్ల డాక్టరు పుణ్యమా అని ఇందులోకి మారానని, మారిన దగ్గర్నుంచీ దీన్ని తిడుతూనే ఉన్నానని ఈ కాలమ్ చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎడమ కాలికి పని లేనివాడు డ్రైవరే కాదన్నది నా పాత పాట.

ఆ పాట మా మేనమామది. రాజమండ్రి కాగితం మిల్లుకు ఏజెన్సీ నుంచి వెదురు తోలేవాడు. వేసవి సెలవుల్లో క్లీనరు పక్కన నేనూ ఎక్కేవాణ్ని. మారేడుమిల్లి ఘాట్‌లో దిగుడు మొదలయ్యే ముందే లారీని నెమ్మది చేసి, క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్ ఒక్క నొక్కు నొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవాడు. సింక్రోమెష్ లేని గేర్‌బాక్స్. పళ్ల వేగం కలవకపోతే కరకరలాడి ఊరందరికీ చెబుతుంది. మామయ్య చేతిలో ఆ కరకర నేనెప్పుడూ వినలేదు. ఇంజన్ మాత్రం కొండ దిగేదాకా ఘోష పెడుతూనే ఉండేది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించుకొచ్చేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అల్లుడూ. బండిని పట్టుకోవాల్సింది ఇంజను. బ్రేకు ఆపడానికి." కిందికొచ్చాక బ్రేకు డ్రమ్ము మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, చుయ్‌మనకపోతే మీసం దువ్వుకునేవాడు. మిల్లు దగ్గర లోడు దించాక ఇంకో పనీ ఉండేది. గేర్‌బాక్స్ పక్క బోల్టు విప్పి, వేలు లోపలికి పెట్టి, అంటిన నూనెను నలిపి వాసన చూసేవాడు. నాకది చాదస్తంలా ఉండేది.

ఇంటికొచ్చి బండి పుస్తకం తీశాను, ఆరేళ్లలో మొదటిసారి. యాక్సిలరేటర్ నొక్కిన దానికి రావాల్సిన వేగం కంటే బండి ఎక్కువ పోతుంటే, ఇది దిగుడని కంప్యూటరు కనిపెడుతుందట. అప్పుడు బ్రేకు తాకితే గేరు తగ్గించి ఇంజన్‌తో బండిని పట్టుకుంటుంది. హోండావాళ్లు దీన్ని గ్రేడ్ లాజిక్ అంటారు. అరుపు కాదు, మామయ్య గేరే.

ఆటోమేటిక్‌కు క్షమాపణ చెప్పి ఈ కాలమ్ ఇక్కడే ముగిద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని బండి చూపిస్తే మెకానిక్, "కొండ సంగతి బాగానే ఉంది సార్, రివర్స్‌లో వేస్తే ఈ కుదుపేంటి?" అన్నాడు. ఏడాదిగా ఉంది, నాకు అలవాటైపోయింది.

వేడెక్కిన ఇంజన్ ఆపేసి, నిమిషం ఆగి డిప్‌స్టిక్ తీశాడు. (చాలా బండ్లలో ఇంజన్ నడుస్తుండగా చూస్తారు, హోండాలో ఆపి చూడాలి.) ఎర్రగా ఉండాల్సిన నూనె కాఫీ డికాక్షన్‌లా ఉంది. మాడువాసన లేదు, అదృష్టం. పాత బండికి నూనె మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్పిన మాట నాకు వేదం, నడుస్తున్నదాన్ని కదపకూడదన్న నా సిద్ధాంతానికి సరిగ్గా సరిపోయింది మరి. "క్లచ్‌లు జారడం మొదలయ్యాక ఆఖర్న నూనె మారుస్తారు సార్, నింద నూనె మీదకొస్తుంది" అన్నాడతను.

కింది బోల్టు విప్పాడు. దాని అయస్కాంతానికి కాటుకలాంటి నల్లటి ముద్ద. వేళ్ల మధ్య నలిపి వెలుతురులో చూశాడు. రవ్వలు లేవు, అరుగుదల పొడే. దిగింది రెండున్నర లీటర్ల లోపు. సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనూ ఆ మూలా ఈ మూలా ఉండిపోతుంది. అందుకే కొంత తిప్పి మళ్లీ దించాలి, మొత్తం మూడుసార్లు. మెషీన్ పెట్టి ఒక్కసారిగా కడగనన్నాడు.

మొదటి విడతకే కుదుపు సగం తగ్గింది. దిగిన నూనెలో నేనూ వేలు ముంచి వాసన చూశాను. చొక్కాకు అంటింది. రెండో విడత ఈ ఆదివారం. పాత చొక్కా వేసుకుని వెళ్లమని మా ఆవిడ తీసి పెట్టింది.