రాజరికం నుంచి గణతంత్రం దాకా: హైదరాబాదు సంస్థాన ప్రశ్నకు తెలంగాణ తెలుగు సాహిత్యం ఇచ్చిన సమాధానం

వ్యాససంగ్రహం:

హైదరాబాదు సంస్థానంలో 1938 నుంచి 1948 వరకు రాజకీయ చర్చ రెండు మార్గాల మధ్య సాగింది. నిజాం ఏలుబడిని నిలిపి, దాని కింద బాధ్యతాయుత ప్రభుత్వాన్ని ఏర్పరచడం మొదటి మార్గం. రాజరికాన్నే తొలగించడం రెండవది. ఈ కాలాన్ని చిత్రించిన తెలుగు రచనలను విమర్శకులు సాధారణంగా ‘నిజాం వ్యతిరేక సాహిత్యం’ అనే ఒకే పేరుతో పరామర్శిస్తున్నారు. ఆ పేరు ఈ రచనల్లోని అసలు వాదాన్ని కప్పివేస్తున్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. రాజు ఉండాలా, వద్దా అనే ప్రశ్నను ఈ సాహిత్యం భూమి ఎవరిది అనే ప్రశ్నగా మార్చి చూసింది.

కీలకపదాలు: బాధ్యతాయుత ప్రభుత్వం, సర్ఫ్-ఎ-ఖాస్, రాజప్రముఖ్, గడి, దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య, సురవరం ప్రతాపరెడ్డి.

1. ప్రవేశిక

రాజ్యాంగబద్ధ రాజరికంలో రాజు పీఠం మీద ఉంటాడు కాని పరిపాలించడు. పాలించే మంత్రివర్గం ప్రజాప్రతినిధుల సభకు జవాబుదారీగా ఉంటుంది. బ్రిటన్‌లో ఈ వ్యవస్థ నేటికీ కొనసాగుతున్నది. నేపాల్ 1990లో ఈ పద్ధతిని స్వీకరించి, 2008లో దాన్ని వదిలి గణతంత్రమైంది. తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసిన హైదరాబాదు సంస్థానంలో అది పదేళ్లపాటు జైళ్లలోను, సభల్లోను, పత్రికల్లోను నలిగింది. ఆ చర్చకు సాహిత్యం ఏ రూపమిచ్చిందో పరిశీలించవలసి ఉంది.

2. ‘ఛత్రచ్ఛాయ’ వాదం: బలం, పరిమితి

1938లో ఆవిర్భవించకముందే నిషేధానికి గురైన హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్, ఆసఫ్‌జాహీ వంశ ఛత్రచ్ఛాయలో బాధ్యతాయుత ప్రభుత్వాన్ని కోరింది. ఆ ఏడాది అక్టోబరులో సత్యాగ్రహాన్ని ప్రారంభించి, డిసెంబరులో నిలిపివేసింది. ఈ కోరికను పిరికితనంగా కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. సభ జరుపుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా అనుమతి పొందవలసిన కాలమది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ తొలినాళ్ల తీర్మానాల్లో వినతిపత్ర శైలి కనిపించడానికి కారణం ఇదే. నాడు చట్టం లోపల నిలబడి మాట్లాడగలిగిన భాష విన్నపమే.

అయితే ఆ భాషకు ప్రభుత్వం ఇచ్చిన జవాబును కూడా చూడాలి. అరవముదు అయ్యంగార్ సంఘం సిఫారసుల మీద 1939 జూలైలో ప్రకటించిన సంస్కరణలు మంత్రివర్గాన్ని శాసనసభకు బాధ్యురాలిని చేయలేదు. రాజే స్వయంగా ప్రజలకు ప్రతినిధి అనే సిద్ధాంతం వాటికి పునాది. ప్రాదేశిక నియోజకవర్గాలకు బదులు వృత్తి ప్రయోజనాల ప్రాతినిధ్యాన్ని అవి ప్రతిపాదించాయి. రాజే ప్రతినిధి అయినప్పుడు ఆయనను ప్రశ్నించే ప్రతినిధికి చోటు ఉండదు. ‘ఛత్రచ్ఛాయ’ వాదం తన తర్కంలోని బలహీనత వల్ల కాక, ఆ ఛత్రాన్ని పట్టినవారు నీడను పంచుకోవడానికి ఒప్పుకోనందువల్ల ఓడిపోయింది.

3. రాజు భూస్వామి కూడా అయినప్పుడు

రాజ్యాంగబద్ధ రాజరికానికి ఒక ముందు షరతు ఉంది. రాజపీఠం వేరు, రాజు సొంత ఆస్తి వేరు కావాలి. హైదరాబాదులో ఈ విభజన జరగలేదు. సంస్థాన భూభాగంలో సుమారు 60 శాతం ఖాల్సా లేదా దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ అని చరిత్రకారులు లెక్కగట్టారు. రాజధాని చుట్టూ విస్తరించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్‌కు చెందినది. ఈ నేలపై శిస్తు చెల్లించే రైతుకు సర్కారు వేరు, దొర వేరు అనే తేడా కూడా లేదు. పాలకుడూ ఆయనే, భూమి యజమానీ ఆయనే. రాజు అధికారాన్ని శాసనసభతో కట్టడి చేసినా, ఈ రైతు మీద యజమానిగా ఆయనకున్న అధికారం అలాగే నిలుస్తుంది. సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది సైనిక చర్య తరువాత, 1949 ఫిబ్రవరిలో మాత్రమే. దానికి బదులుగా నిజాంకు ఏటా 25 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించారు.

ఈ వాస్తవాన్ని శాసన పరిభాష కంటే ముందుగా పట్టుకున్నది సాహిత్యం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రాసిన నాటకం పేరు ‘మాభూమి’. సింహాసనం ఊసే లేని ఆ పేరులో ఒక రాజకీయ సిద్ధాంతం ఉంది.

4. గడిలో దాగిన రాజు: నవలల సాక్ష్యం

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో కథ దిమ్మెగూడెం చుట్టూ తిరుగుతుంది. కంఠీరవం ఎదిరించేది రామభూపాలరావు దొరను. వెట్టి, భూముల ఆక్రమణ, మతం పేరిట సాగే ఎత్తుగడలు కథను నడిపిస్తాయి. నిజాం ఆ కథలో ముఖ్యపాత్ర కాడు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లోను పరిస్థితి ఇదే. పాటకుడు సారంగపాణి చూసేది గడిని, గడిలోని దొరను, ఆడబాప వనజ బతుకును. రాజును ప్రత్యక్షంగా చూపకపోవడం ఈ నవలల లోపమని భావించే అవకాశం ఉంది. నిజానికి వాటి వాదానికి బలం అక్కడే ఉంది.

‘చిల్లర దేవుళ్లు’ అన్న శీర్షికను ఈ కోణంలో చదవాలి. చిల్లర దేవుళ్లు ఉన్నారంటే ఎక్కడో పెద్ద దేవుడు ఉన్నాడని అర్థం. అయితే పూజలూ బలులూ అందుకునేది ఊళ్లో ఉన్న చిల్లర దేవుడే. పెద్ద దేవుడిని నామమాత్రుణ్ని చేసినంత మాత్రాన చిల్లర దేవుడి నైవేద్యం ఆగదు. ‘ఛత్రచ్ఛాయ’ వాదానికి ఇంతకంటే సూటి విమర్శ ఆ కాలపు రాజకీయ ప్రసంగాల్లో కూడా అరుదు. రంగాచార్య దీన్ని గణతంత్ర పక్షానికి కూడా వర్తింపజేశాడు. పోలీసు చర్య తరువాతి కాలాన్ని చిత్రించిన ‘జనపదం’ నవలలో, రాజు తొలగిన తరువాత గ్రామంలో అధికారం ఏమైందన్న ప్రశ్న వేశాడు. రాజు పోవడం అవసరమే గాని అదే చాలదని ఆయన నవలాక్రమం చెబుతున్నది.

5. పద్యం చేసిన పదవీచ్యుతి

నవల రాజును పక్కన పెడితే, పద్యం ఆయనను ముఖాముఖి నిలబెట్టింది. తెలుగు కావ్యానికి కృతిభర్త సంప్రదాయం పాతది. గోలకొండ నేలపైనే అద్దంకి గంగాధరుడు ‘తపతీసంవరణోపాఖ్యానా’న్ని ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితం చేశాడు. ఆ సుల్తాను తెలుగు కవుల నోట ‘మల్కిభరాము’డయ్యాడు. రాజుకు కీర్తినిచ్చేది కవి, కవికి జీవనాన్నిచ్చేది రాజు అనే ఒప్పందం దాని వెనుక ఉంది.

నిజాం జైలు అనుభవించిన దాశరథి కృష్ణమాచార్య ‘అగ్నిధార’ (1949) ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. విశేషమేమంటే ఆయన రాజును స్తుతించడానికి వాడిన వృత్తాలనే రాజును దించడానికి వాడాడు. సంబోధన నిలిచింది, గౌరవం పోయింది. కీర్తి హక్కు రాజు నుంచి తెలంగాణ నేలకు, రైతుకు మారింది. ఆయన నిందను ఒక వ్యక్తి మీది కోపంగానో, ఒక మతం మీది ద్వేషంగానో చదవడం పాక్షిక పఠనం. ఇబ్రహీం కుతుబ్‌షాను కీర్తించిన పద్యమే ఆసఫ్‌జాహీ పాలకుణ్ని నిందించింది. కాబట్టి తేడా మతంలో లేదు, రాజుకు ప్రజలకు మధ్య తెగిపోయిన సంబంధంలో ఉంది.

అదే 1949లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడింది. అందులో రాజవంశాల వరుసకు బదులు జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు చరిత్రకు వస్తువులయ్యాయి. అదే ఏడాది నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా వెలువడింది. రాజు సంతకం చేసిన ఏడాదిలోనే పద్యమూ చరిత్ర రచనా తమ తమ పద్ధతుల్లో రాజు స్థానాన్ని మార్చివేశాయి.

6. రాజప్రముఖ్: మౌనం వెనుక

1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్. 1952 మార్చిలో ఎన్నికైన ప్రభుత్వానికి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. అంటే 1938లో కోరిన ఏర్పాటును పోలిన వ్యవస్థ, గణతంత్రం లోపల, నాలుగేళ్లకు పైగా అమలులో ఉంది. వంశపు నాయకుడు నామమాత్రపు అధిపతి, పాలన ఎన్నికైన మంత్రివర్గానిది. ‘ప్రజల మనిషి’ పుస్తకంగా వచ్చింది ఈ రాజప్రముఖ్ కాలంలోనే. అయినా ఆళ్వారుస్వామి దృష్టి దిమ్మెగూడెం మీదనే నిలిచింది. అలంకారప్రాయమైన రాజుతో సాహిత్యానికి పేచీ లేదు. భూమి చేతులు మారిందా అన్నదే దాని పట్టింపు.

7. ముగింపు

• హైదరాబాదులో రాజ్యాంగబద్ధ రాజరిక వాదం ఆనాటి నిర్బంధంలో అర్థవంతమైన తొలి మెట్టు. రాజే ప్రతినిధి అనే ప్రభుత్వ సిద్ధాంతం దాన్ని అసాధ్యం చేసింది.

• రాజు, భూస్వామి ఒక్కరే అయిన చోట కిరీటాన్ని కట్టడి చేయడం సగం పని మాత్రమే. ‘మాభూమి’, ‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్లు’ ఈ సత్యాన్ని గ్రామం నుంచి చూపాయి.

• దాశరథి పద్యం, ప్రతాపరెడ్డి చరిత్ర రచన రాజు కేంద్రంగా సాగిన సాహిత్య మర్యాదను ప్రజల వైపు తిప్పాయి.

• ‘నిజాం వ్యతిరేక సాహిత్యం’ అనే పేరు ఈ కృషిని ఒక వ్యక్తి మీది పగగా కుదిస్తున్నది. ఒక మతం మీది పగగా చూపేవారికి అది ఆసరా అవుతున్నది కూడా. దీన్ని గణతంత్ర సాహిత్యమని పిలవడం సముచితం.

• నగర శివార్లలో భూమి విలువ పెరిగిన నేటికీ సర్ఫ్-ఎ-ఖాస్ అన్న మాట భూవివాదాల్లో వినిపిస్తూనే ఉంది. రాజరికం ముగిసిన తేదీని చరిత్ర పుస్తకం చెబుతుంది. అది గ్రామంలో ముగిసిందా అన్న ప్రశ్నను ఈ నవలలు ఇంకా అడుగుతున్నాయి. వీటి పఠనం తరగతి గదిలో ఆ ప్రశ్నతో మొదలు కావాలి.