సూపర్‌హీరోకు దర్శకుడెవరు? మా గేరి నుంచి కొన్ని ప్రశ్నలు

2024 సంక్రాంతికి 'హనుమాన్' సినిమా విడుదలైనప్పుడు కర్నూలులో మేము కొందరు హాస్టలు పిల్లలతో కలిసి చూసినాము. హాలంతా ఈలలు. పిల్లలతో పాటు మేమూ చప్పట్లు కొట్టినాము, దాచుకునేదేమీ లేదు. బయటికొచ్చి టీ తాగుతా ఉంటే డిగ్రీ చదివే పిల్లోడొకడు అడిగినాడు: "అన్నా, ఆ ఊర్లో మన గేరి యాడుందన్నా?" మాలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

సూపర్‌హీరో సినిమాకు సరైన దర్శకుణ్ణి ఎంచుకోవడమనేది నిర్మాతల వ్యాపార సమస్య అని, కూలిరేట్లు, భూములు, దాడులు వదిలిపెట్టి దళిత ఉద్యమం దీని గురించి మాట్లాడాల్సిన పనేముందని మిత్రులు కొందరు అడుగుతున్నారు. మా అభిప్రాయం వేరు. ఒక మనిషిని మామూలు మనుషులకంటే పైకి ఎత్తి చూపడమే సూపర్‌హీరో సినిమా చేసే పని. ఎవరిని ఎత్తాలి, ఎవరి భుజాల మీద నిలబెట్టి ఎత్తాలి అనేది ఈ దేశంలో కులం ఎప్పుడో నిర్ణయించి పెట్టింది. ఆ నిర్ణయాన్ని తెర మీద మళ్లీ ఒకసారి ఖాయం చేసేదీ, కాదని తిరగరాసేదీ దర్శకుడే. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారనేది మనకు కూడా సంబంధించిన విషయమే.

సీమ వీరులు

తెలుగులో అద్భుతాల సినిమాకు పునాది వేసినవాళ్లలో సీమవాళ్లు ముఖ్యులు. 'పాతాళభైరవి' (1951) తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. దాన్ని నిర్మించిన విజయా సంస్థలో నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. అందులో నాయకుడు తోట రాముడు తోటపని చేసే ఇంటి పిల్లోడు, రాజు కాదు, జమీందారూ కాదు. అట్లాంటి వాణ్ణి నాయకుణ్ణి చేసి రాజకుమారికి జోడీగా నిలబెట్టిన ధైర్యం 1951లోనే ఉండింది.

ఆ తరువాత సీమ పేరు చెప్తే తెర మీదికి వచ్చిన వీరుడు వేరు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) తీసిన బి.గోపాల్, 'ఆది' (2002) తీసిన వి.వి.వినాయక్ ఇద్దరూ కోస్తా వాళ్లు. వాళ్ల నాయకులు కొడితే మనుషులు, సుమోలు గాల్లోకి లేస్తాయి. వీళ్లకు భుజాన కేప్ ఉండదు, తెల్లపంచె ఉంటుంది, అంతే తేడా. 'సైరా నరసింహారెడ్డి' (2019)తో సురేందర్ రెడ్డి ఆ వరసను చరిత్రలోకి తీసుకుపోయినాడు. 1846-47లో కోయిలకుంట్ల తావున జరిగిన తిరుగుబాటులో నరసింహారెడ్డి వెంట నిలిచిన వడ్డె ఓబన్నను వడ్డెర్లు ఇప్పటికీ తమ వీరునిగా చెప్పుకుంటారు. సినిమాకు మాత్రం నాయకుడు ఒక్కడే, పేరు కూడా ఒక్కనిదే.

1998లో కర్నూలు జిల్లా వేంపెంటలో దళితులను ఊచకోత కోసినారు. మరుసటి ఏడు సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చి రాష్ట్రమంతా ఆడింది. ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని మేము అనడం లేదు. అదే నేల మీద ఒక నెత్తురు వార్తగా మిగిలి చల్లారిపోయింది, ఇంకొక నెత్తురు పండగ సినిమా అయింది. ఫ్యాక్షన్ తగాదాల్లో నాయకునికంటే ముందు చచ్చేది వెంట నడిచే కూలిమనుషులే. ఆ మనిషికి తెర మీద పేరుండదు, ఒక కేక మాత్రం ఉంటుంది.

మూడు ప్రశ్నలు

అందుకే ఏ సూపర్‌హీరో సినిమానైనా మూడు ప్రశ్నలతో చూడాలని మేము ప్రతిపాదిస్తున్నాము. శక్తి యాడ నుంచి వచ్చింది? శత్రువు ఎవరు? కాపాడబడేది ఎవరు?

శక్తి సంగతి ముందు చూద్దాం. 1980లో వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి.రామారావు నటించిన 'సూపర్‌మేన్' వచ్చింది. అందులో నాయకునికి బలమిచ్చేది ఆంజనేయుడు. నలభై నాలుగేండ్ల తరువాత ప్రశాంత్ వర్మ 'హనుమాన్'లో హనుమంతుకు బలమిచ్చే మణి కూడా ఆంజనేయుని రక్తబిందువే. బొమ్మల పనితనం ఎంతో మారింది గానీ శక్తి దిగివచ్చే దోవ మారలేదు. గుడి గడప దగ్గర తరతరాలుగా ఆగిపోయిన మనిషికి ఆ దోవన వచ్చే శక్తిలో వాటా ఎంత?

అమెరికా బొమ్మల కథల్లో రేడియేషన్ తగిలితే బలం వస్తుంది. స్పైడర్‌మేన్‌ను కుట్టిన సాలీడు అట్లాంటిదే. మా కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడిపోయినాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఏండ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. అక్కడ ఎవరికీ గోడలు ఎగబాకే బలం రాలేదు. సీమను తెలిసిన దర్శకుడైతే ఈ ఒక్క తేడాతోనే ఒక సినిమా తీయగలడు.

శత్రువు సంగతి. 'హనుమాన్'లో ఊరిని పీడించే పాలెగాడు ఉన్నాడు. పాలెగాడంటే సీమవాళ్లకు పుస్తకంలో మాట కాదు. 1800లో ఈ ప్రాంతం కుంఫిణీ చేతికి పోయినాక కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాండ్లను అణచినాడని చరిత్ర చెప్తుంది. వాళ్ల పెత్తనపు అలవాట్లు ఎంతవరకు అణిగినాయో ఊర్లను అడిగితే తెలుస్తుంది. సినిమాలో మాత్రం పాలెగాడు మొదటి సగంతోనే ఓడిపోతాడు. ఆ పైన బయటినుంచి యంత్రాలతో వచ్చిన మైఖేల్ అసలు శత్రువవుతాడు. లోపలి శత్రువును త్వరగా ముగించి బయటి శత్రువు మీదికి కోపం మళ్లించడం మనకు రాజకీయాల్లో బాగా తెలిసిన పద్ధతే.

ప్రశాంత్ వర్మకు పని రాదని మేము అనడం లేదు. తక్కువ డబ్బుతో, పెద్ద స్టారు కాని నటునితో దేశమంతా ఆడే సినిమా తీసినాడు. చిల్లర దొంగతనాలు చేసే పిల్లోణ్ణి నాయకుణ్ణి చేసినాడు. అది తోట రాముని వారసత్వమే. అయితే ఆయనే అంతకు ముందు కర్నూలు నేపథ్యంలో 'జాంబీ రెడ్డి' (2021) తీసినాడు. అందులోనూ కర్నూలంటే మళ్లీ ఫ్యాక్షన్ ఇండ్లే. సుగ్గికి గుంటూరు మిరపచేండ్లకు మూటాముల్లె కట్టుకొని పోయే ఆదోని, కోసిగి జనం ఆ కర్నూలులో లేరు. అంటే లోపం పనితనంలో లేదు, చూపులో ఉంది. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. తెర మీద లేని మనిషిని ఏ వీరుడూ కాపాడలేడు.

కులం ఒక్కటే చాలునా?

అయితే దళితుడు తీస్తే చాలునా? ఈ ప్రశ్న నల్లజాతి వాళ్లు మనకంటే ముందే ఎదుర్కొన్నారు. 1990లో నాటకకర్త ఆగస్ట్ విల్సన్ తన 'ఫెన్సెస్' సినిమాకు నల్లజాతి దర్శకుడే కావాలని పట్టుబట్టి వ్యాసం రాసినాడు. నల్లవాడైతే చాలునని ఆయన అనలేదు. ఆ సంస్కృతి లోపల బతికి, దాని బరువు తెలిసిన కళాకారుడు కావాలన్నాడు. ఆయన 2005లో పోయినాడు. సినిమా 2016లో డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వంలో వచ్చింది. పట్టుదలకు అంత ఖరీదు ఉంటుంది. 'మాల్కం ఎక్స్' (1992) మొదట నార్మన్ జూయిసన్ చేతిలో ఉండింది. స్పైక్ లీ బహిరంగంగా అభ్యంతరం చెప్పినాక జూయిసన్ తప్పుకున్నాడు.

సూపర్‌హీరో సినిమాలోనే చూడాలంటే 'బ్లాక్ పాంథర్' (2018) ఉంది. ఆ పాత్రను 1966లో సృష్టించిన స్టాన్ లీ, జాక్ కర్బీ ఇద్దరూ తెల్లవాళ్లు. దర్శకుడు ర్యాన్ కూగ్లర్ ఓక్లాండ్‌లో పుట్టినవాడు. ఆయన మొదటి సినిమా 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' (2013) అదే ఊర్లో రైల్వే పోలీసు కాల్చి చంపిన ఒక నల్లజాతి యువకుని గురించి. సూపర్‌హీరో సినిమాలోకి కూడా ఓక్లాండ్‌ను తెచ్చుకున్నాడు. మీకింత బలముండి మావాళ్లు చస్తావుంటే ఏం చేసినారు అని అడిగే ప్రతినాయకుణ్ణి తయారు చేసినాడు. కథ పరాయివాళ్లదైనా ప్రశ్న మాత్రం ఆయనది. ఇందుకు కారణం ఒకటుంది: కూగ్లర్ దర్శకుడే కాదు, స్క్రీన్‌ప్లే రచయితల్లో కూడా ఒకడు.

దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన 'సైరాట్' (2016)ను కరణ్ జోహర్ సంస్థ హిందీలో 'ధడక్' (2018)గా శశాంక్ ఖైతాన్ చేత తీయించింది. కథ అదే, ప్రేమ అదే. కులం మాత్రం నీళ్లు కలిపిన మజ్జిగైపోయింది.

ఓటు నుంచి మహాకాళి దాకా

ఇప్పుడు తెలుగులోని తాజా సంగతికి వస్తాము. 2023లో పూజ కొల్లూరు దర్శకత్వంలో 'మార్టిన్ లూథర్ కింగ్' వచ్చింది. చెప్పులు కుట్టే ఒక అనాథ, ఊరు రెండు వర్గాలుగా చీలి సరిసమానమైనప్పుడు, ఒక్క ఓటు వల్ల మనిషిగా లెక్కకొస్తాడు. తమిళంలో మడోన్ అశ్విన్ తీసిన 'మండేలా' (2021)కు ఇది తెలుగు రూపం. ఆ మరుసటేడు, 2024 అక్టోబరులో, ప్రశాంత్ వర్మ తన సూపర్‌హీరోల వరసలో 'మహాకాళి' ప్రకటించి దర్శకత్వం ఆమెకు అప్పగించినాడు. బెంగాల్ నేపథ్యం, నల్లని మేనిరంగున్న స్త్రీ నాయిక అన్నారు.

ఈ ఎంపికను మేము ఆహ్వానిస్తున్నాము. చెప్పులు కుట్టేవాని గౌరవాన్ని నవ్వుల మధ్య నిలబెట్టిన దర్శకురాలికి, నలుపును వెక్కిరించే పరిశ్రమలో నల్లని నాయికను ఇవ్వడం ఆలోచించి చేసిన పనే. అయినా మాకొక అనుమానముంది. కథ ఆమెది కాదు, ప్రశాంత్ వర్మది. వరస ఆయనది. దర్శకురాలికి కెమెరా ఇచ్చి కథ తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటే, అది కౌలుకిచ్చిన భూమి లాంటిదే. పంట పండించేది ఒకరు, గట్టు ఎక్కడుండాలో చెప్పేది ఇంకొకరు.

'మండేలా' తీసిన మడోన్ అశ్విన్ తరువాత ఏం చేసినాడో చూడండి. 'మావీరన్' (2023) కూడా ఒక రకం సూపర్‌హీరో సినిమానే, తెలుగులో 'మహావీరుడు'గా వచ్చింది. అందులో నాయకుడు బొమ్మల కథలు గీసే పిరికివాడు. వాళ్ల బస్తీని ఖాళీ చేయించి, పెచ్చులూడే కొత్త మేడల్లోకి తోసినారు. వానికి వచ్చే శక్తి చెవిలో వినబడే ఒక గొంతు. శత్రువు ఆ నాసిరకం గోడల వెనక ఉన్న మంత్రి. కాపాడవలసింది ఆ మేడలో ఉన్న జనాన్ని. మా మూడు ప్రశ్నలకూ అందులో నేల మీది జవాబులే ఉన్నాయి. రాసిందీ తీసిందీ ఒకే మనిషి. ఓటు సినిమా నుంచి వీరుని సినిమాకు నడిచిన దోవ ఇద్దరిదీ ఒకటే, కాకపోతే ఒకరి చేతిలో కథ ఉంది, ఇంకొకరి చేతిలో లేదు.

కాబట్టి సరైన దర్శకుడు ఎవరనే ప్రశ్నకు మా జవాబు రెండు భాగాలు. ఆ మనిషి ఇంతకుముందు ఎవరిని చూసినాడో చూడాలి, అది చూపుకు సాక్ష్యం. కథ మీద ఆ మనిషికి ఎంత హక్కుందో అడగాలి, అది అధికారానికి సాక్ష్యం. పుట్టిన కులం మొదటిదానికి బలమిస్తుంది. రెండోదాన్ని అది తెచ్చిపెట్టదు, కొట్లాడి తెచ్చుకోవాల్సిందే.

కక్కయ్య భార్య

మనకు కథలు లేవా అంటే బ్రహ్మంగారి మఠం దాకా పోతే చాలు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య మాదిగ. దేహంలో చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారని బ్రహ్మంగారు సిద్ధయ్యకు బోధిస్తా ఉంటే కక్కయ్య విన్నాడట. ఇంటికిపోయి భార్య దేహాన్ని కోసి చూసినాడట. ఏ దేవతా కనబడక, నువ్వు చెప్పింది అబద్ధమని గురువును నిలదీసినాడట. గురువు ఆమెను బతికించినాడు, కక్కయ్య శిష్యుడైనాడు. ఇది అందరికీ తెలిసిన కథ. రామారావు తానే బ్రహ్మంగారై దర్శకత్వం వహించిన సినిమా (1984)కు కేంద్రం గురువే, ఆయన మహిమే.

అదే కథను మా గేరి నుంచి చూడండి. చర్మం ఒలిచి, దేహం లోపల ఏముంటుందో పనిలో తెలుసుకున్న మనిషి గురువు మాటను పరీక్షకు పెట్టినాడు. అది అజ్ఞానమని కథ నవ్వుతుంది. మేము దాన్ని ప్రశ్న అంటాము. కానీ అంతటితో ఆగితే మనమూ తప్పు చేసినట్టే. ఆ పరీక్షకు బలైంది ఎవరు? ఆమెను ఒక మాటైనా అడిగినారా? గురువు మహిమకూ మొగుని జ్ఞానానికీ ఆమె దేహమే పలక అయింది. లేచి కూర్చున్నాక ఆమె ఏం మాట్లాడిందో మేము విన్న కథల్లో లేదు. చచ్చి లేచిన మాదిగ స్త్రీ నోరు తెరిస్తే, గురువునూ మొగుణ్ణీ ఇద్దరినీ అడిగితే, ఆమెకంటే పెద్ద సూపర్‌హీరో ఎవరుంటారు? బెంగాల్ దాకా పోకుండా కడప జిల్లాలోనే మహాకాళి ఉంది.

ఆ సినిమా తీయగల మనిషి ఈపొద్దు ఏ హాస్టల్లోనో సెల్‌ఫోన్‌తో చిన్న సినిమాలు తీస్తా ఉండొచ్చు, అది ఆడపిల్లే కావచ్చు. పరిశ్రమ పిలిచేదాకా ఆ పిల్ల ఎదురుచూడాల్సిన పనిలేదు. ముందు చేయాల్సిన పని మనదే. తప్పెట కొట్టే పెద్దల దగ్గర, జాంబపురాణం చెప్పేవాళ్ల దగ్గర, గేరిలోని అవ్వల దగ్గర కక్కయ్య కథ ఎన్ని రకాలుగా ఉందో పోయి వినండి, రాసి పెట్టండి. ఆమె మాట్లాడే రూపం యాడన్నా దొరికితే ముందు దాన్ని అచ్చు వేద్దాం. కథ మన చేతిలో ఉన్ననాడే దర్శకుణ్ణి ఎంచుకునే మాట కూడా మనకు దక్కుతుంది.