బంకు దగ్గర అడగని కొలత

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో కొలతను ఎదుటివారి మాటకు వదిలిపెట్టే అలవాటు లేదు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు కాటా మీద అంకె ఎక్కడ నిలిచిందో, తేమ పేరుతో ధర ఎంత తగ్గిస్తున్నారో, తరుగు కింద ఎంత పోతున్నదో చూసుకొని గాని అక్కడినుంచి కదలడు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకొన్న ఎమ్మిగనూరులో నేతగాడు చేతికొచ్చిన నూలు ఏ కౌంటుదో, ఎన్ని చిలపలున్నాయో లెక్క చూడకుండా పనిలోకి దిగడు. అటువంటి చోట, చాలా కుటుంబాల నెల ఖర్చులో ముఖ్యమైన పద్దుగా మారిన పెట్రోలు, డీజిల్ విషయంలో మాత్రం కొలత అడిగే అలవాటు ఏర్పడకపోవడం, దానికి బదులు అనుమానం మీద పుట్టిన రకరకాల ఆచారాలు స్థిరపడిపోవడం ఆలోచించవలసిన విషయం.

ఆ ఆచారాల్లో బాగా వ్యాప్తిలో ఉన్నది అంకె మార్చి అడగడం. 100 రూపాయలకు బదులు 110, 500కు బదులు 520, 1000కి బదులు 1010 అని చెప్పే వాహనదారులు ప్రతి బంకులోనూ కనిపిస్తారు. గుండు అంకెలకు మీటరును ముందే తగ్గించి పెట్టి ఉంటారనీ, అంకె మారిస్తే ఆ ఎత్తు పారదనీ వారి నమ్మకం. ఈ నమ్మకం వెనుక ఉన్న అనుమానం అర్థం లేనిది కాదు గాని, అది ఎంచుకొన్న దారి మాత్రం సరైనది కాదని యంత్రం పనితీరు తెలిస్తే బోధపడుతుంది. బంకులో నిలబెట్టి ఉండే డిస్పెన్సర్ లోపల, ఇంధనం పారే దారిలో ఫ్లో మీటరు, అంటే ప్రవాహాన్ని కొలిచే పరికరం ఉంటుంది. ఇంధనం దాన్ని తిప్పుకొంటూ పోతున్న కొద్దీ పల్సర్ అనే భాగం విద్యుత్ సంకేతాలను పంపుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డు ఆ సంకేతాలను లెక్కించి లీటర్లుగా చూపుతుంది, లీటర్లను ఆనాటి ధరతో గుణించి రూపాయలుగా చూపుతుంది. మోసానికి దిగినవాడు చేయి పెట్టేది ఈ సంకేతాల లెక్కలోనే. 2017 ఏప్రిల్‌లో లక్నో బంకుల్లో ఉత్తరప్రదేశ్ పోలీసులు పట్టుకొన్న రిమోటు చిప్‌లు, 2020 సెప్టెంబరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బంకుల్లో అమర్చినట్లు సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన చిప్‌లు చేసిన పని ఇదే: పోసినదానికంటే ఎక్కువ పోసినట్లు చూపడం. సంకేతాల లెక్క ఒకసారి తప్పిన యంత్రం 100 రూపాయలకు ఎంత శాతం తగ్గిస్తుందో 110 రూపాయలకూ అంతే శాతం తగ్గిస్తుంది. అంకె మార్చినవారు పది రూపాయలు ఎక్కువ ఇచ్చి అదే నష్టాన్ని భరిస్తారు.

"జీరో చూసుకో అన్నా" అని బంకు కుర్రవాడు చెప్పే మాటకు విలువ ఉంది. ముందు బండికి పోసిన లెక్క మీదనే తర్వాతి బండికి కొనసాగించే మోసాన్ని ఆ ఒక్క చూపు ఆపుతుంది. అయితే మీటరు సున్నా నుంచి మొదలైందా అన్నది ఒక ప్రశ్న, ఆ తర్వాత తిరిగిన ప్రతి లీటరూ నిజంగా లీటరేనా అన్నది మరొక ప్రశ్న; రెండో దానికి కంటిచూపు సమాధానం చెప్పలేదు. దానికి సమాధానం చెప్పే వస్తువు ప్రతి బంకులోనూ ఉండి తీరాలన్న నిబంధన ఉంది. అది తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర.

వెడల్పైన పొట్ట, సన్నని మెడ గల లోహపు పాత్ర అది. మెడ దగ్గర లోపలి మట్టం కనిపించేలా గాజు, దాని పక్కన గీతలు ఉంటాయి. పరీక్ష చేసేవారు మొదట పాత్రను ఇంధనంతో నింపి ఒంపేస్తారు, ఎందుకంటే పొడి పాత్ర గోడలకు కొంత ఇంధనం అంటుకొని కొలత తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. తర్వాత పాత్రను ఎగుడుదిగుడు లేని చోట నిలిపి, డిస్పెన్సర్‌లో సరిగ్గా 5 లీటర్లు నొక్కి, నాజిల్ నుంచి పాత్రలోకి వదులుతారు; నురగ అణిగేదాకా ఆగి, కంటిని గీతకు సమానంగా ఉంచి మట్టం చూస్తారు. మెడ సన్నగా ఉండడం వల్ల కొద్దిపాటి తేడా కూడా గీతల మీద స్పష్టంగా పైకో కిందికో కనిపిస్తుంది. అనుమతించిన తేడా 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం. అంతకు మించి తగ్గితే ఆ నాజిల్ నుంచి అమ్మకం ఆపవలసిందే. పరీక్ష అయ్యాక ఇంధనం తిరిగి భూగర్భ ట్యాంకులోకి పోతుంది కనుక అడిగినవారికి ఖర్చేమీ ఉండదు. కల్తీ అనుమానం ఉన్నవారికి ఫిల్టర్ కాగితం ఉంది: శుభ్రమైన నాజిల్ నుంచి దాని మీద ఒక చుక్క పెట్రోలు వేస్తే, స్వచ్ఛమైనదైతే రెండు నిమిషాల్లో మరక మిగల్చకుండా ఆవిరైపోవాలి. సాంద్రత, అంటే ఒక ఘనపు మీటరు ఇంధనం ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క, 15 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసి ప్రతిరోజూ నమోదు చేస్తారు. ట్యాంకరుతో వచ్చిన చలానాలోని అంకెకు దీనికి తేడా 3 కిలోలకు మించకూడదు.

ఇన్ని సాధనాలు అందుబాటులో ఉండగా అడిగేవారు ఎందుకు లేరన్నదే అసలు ప్రశ్న. వెనుక బండ్లు వరుసలో నిలబడి హారన్ కొడుతుంటాయి. బంకు యజమాని ఊరివాడే అయి ఉంటాడు. అడిగితే తగువు పెట్టుకొన్నట్లు అవుతుందన్న మొహమాటం ఉంటుంది. నాజిల్ పట్టుకొన్న కుర్రవాడు ఎండలో ఎనిమిది, పది గంటలు నిలబడి కొద్దిపాటి జీతానికి పనిచేసేవాడే గాని మీటరు అమరిక మీద అతనికి అధికారం లేదు. అతన్ని అనుమానంగా చూసి, గద్దించి, బండిని అటూ ఇటూ ఊపి వెళ్ళిపోవడం కంటే, మేనేజరును పిలిచి మర్యాదగా కొలపాత్ర తెప్పించమనడం ఇద్దరికీ గౌరవం.

కొద్దికొద్దిగా పోయించుకొనే అలవాటును చాలామంది తెలివితక్కువతనంగా లెక్కగడతారు. అది న్యాయం కాదు. ఆదోని వీధుల్లో షేర్ ఆటో నడిపేవారు ఉదయం తొలి ట్రిప్పు డబ్బుతో డీజిల్ పోయించి, మధ్యాహ్నానికి మళ్ళీ పోయిస్తారు. పత్తి తీతకు కూలీలను ఎక్కించుకొని పల్లెలకు పోయే బండ్లదీ ఇదే పద్ధతి. ట్యాంకు ఫుల్ చేయడానికి కావలసిన డబ్బు ఒక్కసారి చేతిలో ఉండడం రోజు సంపాదన మీద బతికేవారికి సాధ్యమయ్యే పని కాదు. అయినా దీని వల్ల వచ్చే నష్టాన్ని చెప్పక తప్పదు. నాజిల్ తెరిచినప్పుడు, మూసినప్పుడు జరిగే చిన్నపాటి తేడా పెద్ద కొనుగోలులో కలిసిపోతుంది గాని లీటరు, లీటరున్నర కొన్నవారికి నిష్పత్తిలో ఎక్కువగానే తగులుతుంది. ఎప్పుడూ రిజర్వులో, అంటే ట్యాంకు అడుగున మిగిలిన చివరి ఇంధనంతో తిరిగే కార్లకు ఇంకొక చిక్కు ఉంది: నేటి కార్లలో ఇంధనపు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దానికి చల్లదనం ఇస్తుంది, ఆ పెట్రోలు తరచుగా అడుగంటితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. వీలైన రోజున మరో వంద రూపాయలు ఎక్కువ పోయించడం ఆ పంపు మార్చే ఖర్చు కంటే ఎంతో తక్కువ.

ఈ ప్రాంతపు వాహనదారులకు ప్రత్యేకమైన అలవాటు సరిహద్దు దాటి పోయించుకోవడం. 167వ నంబరు జాతీయ రహదారి కర్ణాటకలోని హగరి దగ్గర మొదలై, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా సాగి, తుంగభద్ర దాటి మళ్ళీ కర్ణాటకలోని రాయచూరు చేరుతుంది కనుక ఇటు పోయినా అటు పోయినా పొరుగు రాష్ట్రపు బంకు తగులుతుంది. ధరలో తేడాకు కారణం వ్యాట్, అంటే రాష్ట్రం వేసే విలువ ఆధారిత పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రహదారి సుంకం వసూలు చేస్తూ రాగా, కర్ణాటకలో 2024 జూన్‌లో పెంచిన తర్వాత కూడా అమ్మకపు పన్ను 29.84 శాతమే అయింది. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు కర్ణాటక తన వంతుగా లీటరుకు 7 రూపాయలు తగ్గించగా ఆంధ్రప్రదేశ్ తగ్గించకపోవడంతో సరిహద్దు పల్లెలకు ఈ తేడా మరింత కొట్టొచ్చినట్లు కనిపించింది.

అయితే లెక్క పూర్తిగా వేయాలి. లీటరుకు 6 రూపాయలు కలిసివస్తుందనుకొన్నా, 35 లీటర్లు పట్టే కారుకు మిగిలేది 210 రూపాయలు. అందుకోసమే రానుపోను 60 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు మూడు లీటర్లకు పైగా తాగుతుంది, అంటే మూడు వందల రూపాయలకు పైగా దారిలోనే కాలిపోతుంది. కర్ణాటకలోని రాయచూరు నుంచో సిరుగుప్ప నుంచో సరుకుతో వచ్చే లారీకి, పని మీద ఎలాగూ అటు పోయే కారుకు అది నిజమైన ఆదా. పెట్రోలు కోసమే బయలుదేరిన కారుకు అది నష్టం. లారీలు, టూరిస్టు బస్సులు అవతలే ట్యాంకు నింపుకొని రావడం వల్ల ఇవతలి బంకుల వ్యాపారం, రాష్ట్ర ఖజానాకు రావలసిన పన్ను రెండూ తగ్గుతున్నాయన్న సంగతిని మాత్రం ప్రభుత్వం తీవ్రంగా పట్టించుకోవాలి.

తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఎండలు మండే ఈ సీమలో బలంగా ఉంది. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుందన్నది నిజం. డిగ్రీకి సుమారు 0.1 శాతం. కానీ బంకు ట్యాంకులు నేల అడుగున ఉంటాయి, అక్కడి ఉష్ణోగ్రత ఉదయానికీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు కనుక ఆ లాభం లెక్కలోకి వచ్చేంత ఉండదు. దీనికంటే, ట్యాంకరు దించుతున్న సమయంలో పోయించుకోకూడదన్న పాత డ్రైవర్ల మాటలో ఎక్కువ అర్థముంది, ఎందుకంటే ఆ పోతకు అడుగున పేరుకొన్న నలక, నీరు కదులుతాయి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక నీటి సంగతి మరింత ముఖ్యమైంది. ఇథనాల్ నీటిని పీల్చుకొంటుంది, నీరు ఒక మోతాదు దాటితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి.

నాజిల్ టక్కున ఆగిన తర్వాత కూడా "ఇంకొంచెం పట్టు" అనడం కార్ల యజమానుల్లో సాధారణం. నాజిల్ కొస దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం పారుతున్నంతసేపూ దాని గుండా నాజిల్ గాలిని లోపలికి పీల్చుకొంటుంది, ట్యాంకులో మట్టం పెరిగి ఆ రంధ్రాన్ని మూసినప్పుడు గాలి ఆగి, లోపలి మీట విడిపోతుంది. ఆ శబ్దం తర్వాత కూడా కుక్కి పోస్తే ద్రవరూపంలోని పెట్రోలు, ఆవిరిని మాత్రమే పట్టి ఉంచడానికి బొగ్గుతో నింపి అమర్చిన క్యానిస్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

డబ్బు నష్టం కలిగించే అలవాట్లే కాక ప్రాణం మీదికి తెచ్చేవి రెండు ఉన్నాయి, వీటి మీద మెత్తగా మాట్లాడడానికి వీల్లేదు. ఒకటి, మోటారు సైకిలు దిగకుండా, కొన్నిసార్లు ముందు పసిబిడ్డను కూర్చోబెట్టుకొనే, కాళ్ళ మధ్య ఉన్న ట్యాంకులో పెట్రోలు పోయించుకోవడం. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి స్థిర విద్యుత్తు, అంటే బట్టల రాపిడికి ఒంటిపై చేరే విద్యుత్తు, పుట్టించే చిన్న మెరుపు చాలు. రెండోది, బంకులు దూరంగా ఉన్న పల్లెల్లో కిరాణా కొట్టు ముందు నీళ్ళ సీసాల్లో పెట్రోలు అమ్మడం. 23 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలోనే అంటుకొనే ఆవిరినిచ్చే ద్రవాలను చట్టం 'ఎ' తరగతిలో చేర్చింది. పెట్రోలు ఆ తరగతిదే, దాన్ని లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. పల్లె జనానికి దూరం నిజమైన ఇబ్బందే గాని, వంటిల్లూ కొట్టూ ఒకే కప్పు కింద ఉన్న చోట ఆ సీసా ఉండకూడదు.

బండి నడిపే ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక్కసారైనా తాము ఎప్పుడూ పోయించుకొనే బంకులో 5 లీటర్ల కొలపాత్ర తెప్పించి చూడాలి. ఆటో, లారీ యజమానుల సంఘాలు ఈ పనిని నెలకొక బంకు చొప్పున చేపడితే ఒంటరిగా అడగడానికి మొహమాటపడే వారికి ధైర్యం వస్తుంది. తేడా కనిపిస్తే గొడవపడకుండా, తేదీ, సమయం, నాజిల్ నంబరు ఉన్న రసీదు తీసుకొని, తూనికలు కొలతల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.