శాతం చూసి ఎత్తు వేయవచ్చునా?

కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరగా వాట్‌గంజ్ అనే పేట ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఖిదిర్‌పూర్‌లో ఓడల యార్డు నెలకొల్పిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీద ఆ పేటకు ఆ పేరు వచ్చింది. రేవు పనికి వెళ్ళిన మా బంధువుల కుటుంబం ఒకటి అక్కడే స్థిరపడింది. ఆ ఇంట్లో పన్నెండో తరగతి చదివే కుర్రవాడికి చదరంగమంటే ప్రాణం. మొన్న నేను వెళ్ళినప్పుడు వాడు సెల్‌ఫోన్ నా ముందుపెట్టి, "బాబాయ్, గుర్రంతో ఆట మొదలుపెట్టడం మానేస్తున్నాను. డేటాబేస్‌లో దానికి మూడు శాతం తక్కువుంది" అన్నాడు.

వాడు తెల్లపావులతో రెండు రకాలుగా మొదలుపెడుతుంటాడు. ఒకటి, మంత్రి ముందరి బంటును రెండు గడులు జరపడం, అంటే డి4. రెండోది, రాజు పక్క గుర్రాన్ని ఎఫ్3 గడికి తేవడం. ఈ రెండు దారులూ నాలుగైదు ఎత్తుల తర్వాత తరచుగా ఒకే స్థితికి చేరుకుంటాయి. అలాంటప్పుడు ఏ ఎత్తు ముందు వేయాలి, ఏది వెనక వేయాలి అన్నదే ప్రశ్న. డేటాబేస్‌లో లక్షల ఆటలుంటాయి. ఒక్కో ఎత్తు ఎదురుగా ఒక శాతం కనబడుతుంది. గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున కూడి, ఆడిన ఆటల సంఖ్యతో భాగించి, నూటితో హెచ్చిస్తే వచ్చే అంకె అది. లెక్కలో తప్పేమీ లేదు. కాని అది మనవాడు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ముందు ఆటల సంఖ్య సంగతి చూడండి. వంద ఆటల్లో తెల్లకు 55 శాతం వచ్చిందనుకుందాం. డ్రాలు మామూలుగా ఉండే ఆటల్లో కేవలం యాదృచ్ఛికత వల్లనే ఈ అంకె ఎనిమిది అటూ ఇటూ ఊగగలదు. అంటే అసలు విలువ 47 కావచ్చు, 63 కావచ్చు. రెండు వరుసల మధ్య మూడు శాతం తేడాను కాస్త ధీమాగా నమ్మాలంటే ఒక్కో వరుసలో దాదాపు పధ్నాలుగు వందల ఆటలుండాలి. మనవాడు చూసిన వరుసలో రెండు వందలైనా లేవు!

పోనీ ఆటలు వేలల్లో ఉన్నాయనుకోండి. అప్పుడు ఆడినవారెవరు అన్న ప్రశ్న వస్తుంది. ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతి ప్రకారం ప్రత్యర్థి కంటే వంద పాయింట్లు ఎక్కువున్నవారికి సగటున 64 శాతం రావాలి. ముప్పై అయిదు పాయింట్ల ఆధిక్యం చాలు, 55 శాతం వచ్చేస్తుంది. ఇప్పుడొక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. మొదటి క్రమాన్ని బలమైన ప్రత్యర్థులపై 80 సార్లు ఆడితే 40 పాయింట్లు, బలహీనులపై 20 సార్లు ఆడితే 15 పాయింట్లు వచ్చాయి. రెండో క్రమంలో బలవంతులపై 20 ఆటలకు 9, బలహీనులపై 80 ఆటలకు 56 వచ్చాయి. మొత్తం చూస్తే మొదటిదానికి 55 శాతం, రెండోదానికి 65. కాని విడదీసి చూడండి. బలవంతులపై 50కి 45, బలహీనులపై 75కి 70. రెండు చోట్లా మొదటిదే మెరుగు! గణాంకశాస్త్రంలో దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు.

ఈ విషయానికి ఇంకా మంచి ఉదాహరణ వాట్‌గంజ్ ఉన్న నగరంలోనే దొరుకుతుంది, అదీ నూట డెబ్భై ఏళ్ళ నాటిది. అప్పట్లో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాటిష్ న్యాయవాది ఉండేవాడు. ఆయనతో వందలాది ఆటలు ఆడినవాడు మహేశ్ చంద్ర బెనర్జీ అనే బెంగాలీ బ్రాహ్మణుడు. మన పాత దేశీయ చదరంగంలో బంటుకు మొదటిసారి రెండు గడులు దూకే హక్కు లేదు. బెనర్జీ శకటును మూలకు చేర్చి, తొందరపడకుండా ఆటను విప్పడానికి ఆ అలవాటే కారణమని అంటారు. 1855లో ఒక ఆటలో కాక్రేన్ డి4 వేస్తే, బెనర్జీ గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి, జి6 వేసి, మూడో ఎత్తులో డి5 బంటుతో కేంద్రాన్ని ఢీకొన్నాడు. ఆ ఆటలో ఆయన చిత్తుగా ఓడాడు. సొంత పావుల మధ్యే ఇరుక్కున్న రాజుకు కాక్రేన్ గుర్రం ఆటకట్టు పెట్టింది.

ఆనాడు డేటాబేస్ ఉండి ఉంటే ఆ వరుస ఎదురుగా ఏముండేది? ఆటలు 1, తెల్లకు 100 శాతం. చెత్త ఎత్తు అని పక్కన పెట్టేసేవారు. కాని 1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ అదే క్రమాన్ని పెద్ద పోటీల్లోకి తెచ్చి, ఆ ఏడాదే అలేఖిన్‌ను దానితో ఓడించాడు. ఇవాళ అది ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది (బెనర్జీకి దక్కింది 'ఇండియన్' అన్న విశేషణం మాత్రమే). తర్వాత ఫిషర్, కాస్పరోవ్ కూడా దాన్ని నమ్ముకున్నారు. బెనర్జీని ఓడించింది మూడో ఎత్తు కాదు, ఆట మధ్యలో చేసిన పొరపాట్లు. డేటాబేస్ మాత్రం ఆ శిక్షను మొదటి ఎత్తులకే వేస్తుంది.

2010లో సోఫియాలో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆటలో ఆనంద్‌కూ ఇదే జరిగింది. టోపలోవ్‌పై గ్రున్‌ఫెల్డ్ ఆడుతూ, 23వ ఎత్తులో రాజును ఎఫ్7కు జరిపాడు. ఇంటి దగ్గర తయారుచేసుకున్న క్రమం బల్ల దగ్గర తారుమారైంది. టోపలోవ్ గుర్రాన్ని బలిచ్చి ముప్పై ఎత్తుల్లో ఆట ముగించాడు. ఆనంద్ సహాయక బృందంలో కలకత్తా గ్రాండ్‌మాస్టర్ సూర్యశేఖర్ గంగూలీ కూడా ఉన్నాడు. చివరికి టైటిల్ ఆనంద్‌దే అయినా, డేటాబేస్‌లో గ్రున్‌ఫెల్డ్ ఖాతాలో ఒక ఓటమి చేరింది. ఓపెనింగుకు ఆ ఓటమితో సంబంధమెంత?

ఇక అసలు విషయానికి వద్దాం. ఎత్తుల క్రమం చేసే ముఖ్యమైన పని ప్రత్యర్థికి కొన్ని దారులు మూసేయడం. మనవాడు మొదట డి4 వేస్తే ఎదుటివాడు హాయిగా గ్రున్‌ఫెల్డ్‌లోకి దిగవచ్చు. గుర్రంతో మొదలుపెట్టి, సి4 వేసి, రెండో గుర్రాన్ని తెచ్చి, డి4ను ఆపి ఉంచితే కథ మారుతుంది. నల్లపావుల వాడు డి5 వేయడంలో ఒక్క ఎత్తు ఆలస్యం చేసినా తెల్ల ఈ4 వేసి ఆ ఎత్తును అడ్డుకుంటుంది. వెంటనే డి5 వేసినా, బంట్లు మారాక కొట్టడానికి డి4లో తెల్లబంటు లేదు. అందువల్ల గ్రున్‌ఫెల్డ్ మాత్రమే బాగా తెలిసినవాడు తనకు తెలియని స్థితిలో పడతాడు. గ్రున్‌ఫెల్డ్ తప్పిపోవడం వల్ల కలిగిన ఈ లాభం ఏ వరుసలో కనబడుతుంది? ఎక్కడా కనబడదు. రేవులోకి వచ్చిన ఓడలకు పద్దు ఉంటుంది గాని, నదిలోంచే మళ్ళిపోయిన వాటిని ఎవరు రాస్తారు?

పైగా రెండు క్రమాలూ ఒకే స్థితికి చేరినప్పుడు కూడా, ఎత్తుల వరుసను బట్టి లెక్కించే డేటాబేస్ ఆ ఆటలను రెండు పద్దుల్లో వేరువేరుగా రాసుకుంటుంది. బల్ల మీద స్థితి ఒక్కటే అయినా శాతాలు రెండు!

కుర్రవాడికి ఇదంతా చెప్పి, ఆ వరుసలోని ఆటలను ఒక్కొక్కటిగా తెరిచి, ఆడినవారి రేటింగులు, ఓడిన ఎత్తు రాసుకోమన్నాను. కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాడు. ఏడో ఆట దగ్గర ఆగి నన్ను పిలిచాడు. "బాబాయ్, ఇందులో తెల్లకు గెలిచే స్థితి ఉంది. టైం అయిపోయి ఓడాడు" అన్నాడు.